పదిహేడో మంచం దగ్గర నీలిచుక్క

అమలాపురం,
ఆదివారం, 9 నవంబరు 2025.

మస్కట్‌లో ఉన్న చెల్లెలు వీరవేణికి,

ప్రసన్నక్క ఆశీస్సులు. నువ్వూ, మీ ఆయనా, నువ్వు వంట చేసే ఇంటివాళ్ళూ అందరూ బాగున్నారని మీ బుల్లిరాజు బావ చెప్పాడు. సంతోషం. మా ఇంట్లోనూ దగ్గులూ జ్వరాలూ ఏమీ లేవు. కొబ్బరికాయ ధర పెరిగిందని మా ఆయన రోజుకి నాలుగుసార్లు చెట్లకేసి చూసి మురిసిపోతున్నాడు. నేనొక్కదాన్నే అంత బాగా లేను. జబ్బేమీ కాదులే, కంగారుపడకు.

ఫోన్లో అయిపోయేదానికి ఉత్తరమెందుకు అనుకుంటావు. ఫోన్లో నువ్వు అక్కా అని పిలవగానే చెప్పాలనుకున్న మాట వదిలేసి, అక్కడ ఎండలెలా ఉన్నాయని అడుగుతున్నాను. ఇప్పటికి మూడుసార్లు అదే జరిగింది. కాగితమైతే అక్కా అని పిలవదు. బుల్లిరాజు గురువారం విమానం ఎక్కుతున్నాడు కాబట్టి అతని చేతికే ఇస్తున్నాను.

నువ్వు మీ పిన్ని చేత కొనిపించి పంపిన బండారులంక నేత చీర అందింది. అందులో పెట్టిన చీటీ కూడా చదివాను. మా అమ్మకి కన్నకూతురు చేయాల్సింది నువ్వు చేశావు, ఈ నెల ముప్పయ్యో తేదీన అమ్మ సంవత్సరీకానికి మామిడికుదురు వస్తున్నాను, ఆ రోజు నిన్ను మా ఇంటి ఆడపడుచుగా పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెడతాను, ఈలోగా జాకెట్టు కుట్టించుకో అని రాశావు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, కుట్టించుకున్నాను. చీరకి ఫాల్ కూడా వేయించాను. అద్దం ముందు నిలబడి భుజం మీద వేసుకుని ఇటూ అటూ తిరిగి చూసుకున్నాను. మా అమ్మాయి హారిక వచ్చి, రంగు నీకు బాగా నప్పిందమ్మా, ఎవరు పెట్టారు అంది. ఒక పేషెంటు కూతురు అన్నాను. ఎందుకు పెట్టింది అని అడిగింది. పిల్ల మామూలుగానే అడిగింది. నాకు మాత్రం చెంపలు మండిపోయాయి. చీర మడిచి బీరువాలో అడుగున పెట్టేశాను. పది రోజుల నుంచీ ఆ బీరువా తలుపు తీయాల్సి వస్తే హారికనే తీయమంటున్నాను.

అసలు మా ఆసుపత్రి బిళ్ళల సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం చెబుతాను.

రెండేళ్ళ కిందట మా మేనేజరు కామరాజుగారు నర్సులందరినీ పిలిచి తలా ఒక తెల్ల బిళ్ళ ఇచ్చారు. చిన్న బిస్కెట్టంత ఉంటుంది. మెడలో వేసుకోవాలి. వార్డుల గుమ్మాలకీ, డాక్టరుగారి గదికీ, కింద మందుల షాపుకీ, ప్రతి మంచం తలవైపు గోడకీ చిన్న పెట్టెలు బిగించారు. బిళ్ళ దగ్గరికి రాగానే పెట్టె దాన్ని రేడియోలా పట్టుకుంటుంది. ఏ నర్సు ఏ మంచం దగ్గర ఎంతసేపుందో కంప్యూటరులో పడిపోతుంది. పేషెంట్ల చేతికి పట్టీలు, చక్రాల కుర్చీలకీ ఆక్సిజన్ సిలిండర్లకీ బిళ్ళలు. మనమూ సిలిండర్లమే అయిపోయామే అని మేమంతా నవ్వుకున్నాం. ఆయాలకి మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు కాంట్రాక్టు మనుషులు, ఇవాళ ఉంటారు రేపు మానేస్తారు, ఒక్కో బిళ్ళ ఖరీదెంతో తెలుసా అన్నారు కామరాజుగారు.

మన కోనసీమలో పేషెంట్ల పిల్లలు సగం మంది గల్ఫులోనే కదా. అందుకని వాళ్ళ ఫోన్లలో కూడా కనిపించేలా చేశారు. నర్సు ఒక నీలిచుక్క, పక్కన పేరు. నువ్వు ఫోను పొయ్యి పక్కన ఆనించుకుని, కూర కలుపుతూ ఆ చుక్కనే చూస్తుండేదానివని చెప్పావు. ప్రసన్న అనే చుక్క అమ్మ మంచం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ప్రాణం కుదుటపడేదన్నావు. నీ చుక్క వచ్చి ఆగితే అమ్మకి తల దువ్వుతోందో, కాఫీ పడుతోందో అనుకునేదాన్ని, సాయంత్రం ఫోన్లో అమ్మ కూడా తల దువ్వారు, కాఫీ పట్టారు అనే చెప్పేది అన్నావు. నేను ఊఁ కొట్టాను.

ఎవరి చుక్క మంచాల దగ్గరికి ఎక్కువసార్లు వెళితే వాళ్ళు ఆ నెల ఉత్తమ నర్సు. వరసగా మూడు నెలలు నాకే వచ్చింది. లిఫ్టు పక్కన నా ఫొటో పెట్టారు. ప్రసన్నగారి కాళ్ళకి చక్రాలున్నాయండీ అని మిగతా నర్సులు ఏడిపించేవారు. మెట్లెక్కేటప్పుడు నా మోకాళ్ళ మూలుగు విన్నవాళ్ళు కూడా నమ్మేశారు.

ఇక ఆ రోజు సంగతి. పోయిన డిసెంబరు ఎనిమిది, ఆదివారం మధ్యాహ్నం. తుంటి ఆపరేషనై పదిహేడో మంచం మీద ఉన్న మీ అమ్మ దుర్గమ్మగారికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. నా చుక్క మంచం దగ్గర్నుంచి కిందికి పరిగెత్తి, డ్యూటీ డాక్టరు శ్యామ్ సుందర్ గారి గది దాకా వెళ్ళి, మళ్ళీ పైకి పరిగెత్తడం నువ్వు అక్కడ కళ్ళారా చూశావు. ఆ నాలుగు నిమిషాలూ మంచం దగ్గర ఎవరూ లేరు. ఊపిరాడక లేవబోయి ఆవిడ కిందపడ్డారు. తలకి దెబ్బ తగిలింది. మంగళవారం పోయారు.

నర్సు డాక్టరు కోసం పరిగెత్తినప్పుడు మంచం దగ్గర ఉండాల్సిన ఆయా ఎక్కడికి పోయింది, ఆవిడ ఉంటే మా అమ్మ పడేది కాదు అని నువ్వు ఆసుపత్రికి రాశావు. న్యాయమైన ప్రశ్నే. ఆయా అచ్చమ్మని పిలిచి అడిగారు. ఆవిడ ఎక్కడుందో ఏ కంప్యూటరూ చూపించలేదు. వారం తిరక్కుండా తీసేశారు. పద్దెనిమిదేళ్ళు మా వార్డులో చేసిన మనిషి. పేషెంటుని వదిలేసి పోయిన ఆయా అని పేరుపడ్డాక మరే ఆసుపత్రీ ఆవిణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు కాట్రేనికోన దగ్గర రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది.

వీరవేణీ, ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. నువ్వు ఒక్క ముక్క రాస్తే మళ్ళీ పెట్టుకుంటామని కామరాజుగారు అన్నారు. అచ్చమ్మ తప్పేమీ లేదు. ఆ వేళ ఆవిణ్ణి మందుల షాపుకి పంపింది నేనే. కంగారులో ఆ మాట చెప్పడం మరిచిపోయాను. మరపు నాది, శిక్ష ఆవిడది అయిపోయింది.

చీర మాత్రం ఉంచుకోలేను. జీతం తీసుకుని చేసిన పనికి పీటలూ బట్టలూ ఎందుకు చెప్పు. ముప్పయ్యో తేదీన నాకు డ్యూటీ పడేలా ఉంది, రాలేనేమో. ఏమీ అనుకోకు. వేళకి తిను.

ఎప్పుడూ నీ మేలు కోరే
మీ అక్క,
ప్రసన్న.

తా.క. బుధవారం, 12 నవంబరు.

అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను. పైన రాసినదాంట్లో ఒక పచ్చి అబద్ధం ఉంది.

నిన్న కాట్రేనికోన వెళ్ళాను. ఉత్తరం రాశాను, నీ ఉద్యోగం నీకు వస్తుంది అని అచ్చమ్మకి చెప్పి, ఆవిడ మొహంలో సంతోషం చూసి, నేను కాస్త తేలికపడదామని వెళ్ళాను. అంత మంచిదాన్ని నేను. షెడ్డులో ఐసు నీళ్ళలో ఆవిడ చేతులు నాని, వేళ్ళు తెల్లగా ముడతలు పడిపోయాయి. నన్ను చూడగానే లేచి తను కూర్చున్న పీట నాకు వేసింది. మోకాళ్ళెలా ఉన్నాయండీ అని అడిగింది. నేను గొప్పగా మొదలుపెట్టాను. నిన్ను మందుల షాపుకి పంపానని రాశాను, ఇక నీ మీద మాట రాదు అన్నాను.

అచ్చమ్మ ఇంకో రొయ్య ఒలిచి పళ్ళెంలో వేసింది. ఆయ్, నేను మందుల షాపుకెళ్తే బిళ్ళ కూడా మందుల షాపుకే వెళ్ళేది గదండీ అంది.

బిళ్ళ నా మెడలో లేదు వీరవేణీ. అచ్చమ్మ కొంగున కట్టి ఉంది.

ఆ ఒక్క రోజే కాదు. అప్పటికి ఆరు నెలలుగా డ్యూటీకి రాగానే బిళ్ళ తీసి ఆవిడ చేతికిచ్చేదాన్ని. నువ్వెలాగూ అన్ని మంచాల దగ్గరికీ తిరుగుతావు కదా, నా మోకాళ్ళకి కాస్త సాయం చెయ్యి అన్నాను. ఆయ్ దానికేముందండీ అని కొంగున ముడివేసుకునేది. లిఫ్టు పక్కన ఉన్నది నా మొహం, నడిచినవి ఆవిడ కాళ్ళు. మీ అమ్మకి తల దువ్వింది, కాఫీ పట్టింది, నువ్వు పొయ్యి దగ్గర నిలబడి ఎవర్ని చూసి ప్రాణం కుదుటపరుచుకున్నావో ఆ చుక్క, అన్నీ అచ్చమ్మే.

ఆ ఆదివారం నేను ఆసుపత్రి వెనక కల్యాణమండపంలో ఉన్నాను. మా వాళ్ళ పిల్ల ఓణీల ఫంక్షను. భోజనం చేసి ఊరుకోక ఐస్‌క్రీము కోసం వరసలో నిలబడ్డాను. ఫోను సంచిలో ఉంది. అచ్చమ్మ నాలుగుసార్లు చేసింది. నాలుగోసారి చూసుకుని వెనక మెట్ల మీదుగా పరిగెత్తుకొచ్చేసరికి మీ అమ్మ నేల మీద ఉన్నారు, అచ్చమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. బిళ్ళ విప్పించుకుని మెడలో వేసుకున్నాను. అప్పుడు నా చేతులు ముందు చేసిన పని అదే. ఆ తరవాత డాక్టరుగారు వచ్చారు. తలుపు బాది పదిహేడో మంచం అని అరిచిన ఆడగొంతు నాదే అనుకున్నారు ఆయన.

మంచం దగ్గర ఉంటూనే డాక్టరు కోసం పరిగెత్తడం ఒక్క మనిషి వల్ల కాదు. నువ్వు అడిగిన ప్రశ్న సరైనదే, అడగాల్సిన మనిషి వేరు. మంచం దగ్గర లేనిది నేను.

విచారణలో కామరాజుగారు ఎక్కడున్నావు అని అడిగితే అచ్చమ్మ నాకేసి చూసింది. నేను ఫ్యాను కేసి చూశాను. నిన్న అడిగాను, నిజం ఎందుకు చెప్పలేదని. నేను చెబితే ఎవరు నమ్ముతారండీ, ఆ కంప్యూటర్లో నేను లేను గదండీ అంది. చేతులు కొంగుకి తుడుచుకుని, మీరు చెబుతారేమో అని చూసేనండి అంది. కోప్పడినా బాగుండేది. మళ్ళీ రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు రాసినదంతా ఇవాళ పొద్దున్న కాగితం మీద పెట్టి, సంతకం చేసి కామరాజుగారికిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఫొటో మాత్రం మధ్యాహ్నానికే తీసేశారు. అచ్చమ్మ సంగతి ఇంకా తేల్చలేదు, మీ మాట కూడా వచ్చాక చూస్తామన్నారు. అందుకే ఈ ఉత్తరం అందిన రోజే రాయండి. మిమ్మల్ని నువ్వు అనే చనువు నాకు లేదు, ఇకమీదట మీరు అనే రాస్తాను.

చీర నిన్న నాతో తీసుకెళ్ళి అచ్చమ్మకి ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. ఆ అమ్మాయి పెడితే కట్టుకుంటానండి, మీరిస్తే వద్దండి అంది. ముప్పయ్యో తేదీన పీట వేస్తే ఆవిడకి వేయండి. షెడ్డు కాట్రేనికోన ఊళ్ళోకి రాకముందే రోడ్డు పక్కన ఉంది, అచ్చమ్మ అంటే ఎవరైనా చూపిస్తారు. చీర ఫాల్ విప్పించి మీ పిన్నిగారింట్లో ఇచ్చాను. జాకెట్టు గుడ్డ మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. అది నా కొలతకి కత్తిరించేశారు.

ప్రసన్నకుమారి,
స్టాఫ్ నర్సు.