తలలో పాత మచ్చ

భీమవరం

అన్నయ్యకు,

చెల్లెలు పార్వతి నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఊరికే అనే మాట కాదు, నిజంగానే బాగున్నాం.

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. రెండోసారి స్కానింగ్ కూడా అయ్యాక రాద్దామని ఆగాను. ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదు. నేను వదినకు చెప్పి, ఆవిడ నీ చెవిలో అరిస్తే శ్రీకాకుళం జిల్లా అంతా వింటుంది. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

రొమ్ములో గడ్డకు ఆపరేషన్ చేసి, రాజమండ్రిలో కీమో ఎక్కిస్తున్నారని నీకు తెలుసు. నాలుగోది అయ్యాక తలనొప్పి పట్టుకుంది. కళ్లు మసకలు కమ్మేవి. డాక్టరమ్మ తలకు స్కానింగ్ రాసింది. శుక్రవారం తీశారు. కవరు చేతికిస్తూ అక్కడి అమ్మాయి, "డాక్టరు గారికి చూపించండి" అంటూ మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ సోమవారం గాని రాదు.

ఆ మూడు రోజులూ ఏం చేశానో చెబితే నవ్వుతావు. మీ బావగారికి వంట నేర్పాను. పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో, గంజి ఎలా వార్చాలో చెప్పాను. రేషన్ కార్డు ఏ పెట్టెలో ఉందో చూపించాను. ఎందుకని ఆయన అడగలేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, చెప్పినట్టల్లా చేశారు. ఆదివారం పప్పు మాడిపోయింది. ఇద్దరం అదే తిన్నాం.

మేం అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు సత్యవతి గారు కిటికీలోంచి చూసి, "ఏంటమ్మా పార్వతీ, ఆయన చేత గరిటె పట్టించేశావు?" అంది. అప్పుడు ఏడుపొచ్చింది. సంగతి చెప్పాను.

"అయ్యో, ఇంకా ఏదీ తెలీకుండానే అలా బెంబేలెత్తిపోతే ఎలాగమ్మా? రేపు నేనూ వస్తాను" అంది. అన్నట్టే చీర మార్చుకుని మాకంటే ముందు స్టేషన్‌కు బయల్దేరింది.

డాక్టరమ్మ ఫిల్ము చాలాసేపు చూసి, ఇంకో రకం స్కాన్ కూడా తీయించింది. మధ్యాహ్నం పిలిచి, "ఇది మీ జబ్బు పాకింది కాదనిపిస్తోందండి. ఎప్పుడో మెదడులోకి పురుగు చేరి చచ్చిపోయిన చోట సున్నంలా గట్టిపడిన మచ్చ. చిన్నప్పుడు మీకు ఫిట్స్ ఏమైనా వచ్చాయా?" అని అడిగింది.

"లేదండి" అన్నాను.

"పెద్దవాళ్లను కనుక్కోండి. తెలిస్తే మంచిది."

ఆ సాయంత్రమే వదినకు ఫోన్ చేసి, నిన్ను అడిగి చెప్పమన్నాను. నువ్వు వదినతో 'రాస్తాను' అని మాత్రం చెప్పించావు. వారానికి ఉత్తరం వచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయనీ, రెండేళ్లు మందులు వాడారనీ, తెలిస్తే నన్నెవరూ చేసుకోరని అమ్మ నీ చేత ఒట్టు వేయించుకుందనీ రాశావు. ఆ తెల్ల మాత్రలు నాకు గుర్తే అన్నయ్యా! బెల్లం ముక్కలో పెట్టి, చదువు బాగా వస్తుందని మింగించేది. నాకు లెక్కలు రాకపోతే ఆ మాత్రలు మంచివి కావనుకున్నాను.

నీ ఉత్తరం డాక్టరమ్మ తనే చదువుకుంది. "సరిపోయిందండి. అయినా రెండు నెలలాగి మళ్లీ చూద్దాం" అంది. మొన్న చూశారు. పిసరంత కూడా మారలేదు. తలనొప్పి రక్తం తగ్గడం వల్లట. మాత్రలు ఇచ్చారు, తగ్గింది. ఇన్నేళ్లూ నాతోనే ఉండి నన్నేమీ అనని మచ్చను చూసి అంత భయపడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మీ బావగారిని అడిగాను, "ముందే తెలిస్తే నన్ను చేసుకునేవారా?" అని.

"అప్పుడు నిన్ను చూడ్డానికే నాకు రెండు కళ్లూ చాల్లేదు. నీ తల లోపల ఏముందో చూసే తీరికెక్కడిది?" అన్నారు. సత్యవతి గారు పక్క సీట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కీమో పూర్తయింది. వచ్చే వారం నుంచి రేడియేషన్. నాలుక్కి రుచి తెలుస్తోంది. జుట్టు మెత్తగా, పసిపిల్లకు వచ్చినట్టు వస్తోంది. నేను పనిచేసే రొయ్యల షెడ్డులో మేస్త్రి కబురు పెట్టాడు, నెమ్మదిగా పనిలోకి రమ్మని. వానలు మొదలయ్యాయి, ఉక్క తగ్గింది. ఇక్కడి వాళ్లలా నాకూ 'ఆయ్' అనడం అలవాటైపోయింది, వచ్చాక వెక్కిరించకండి. ఎవరైనా ఇటు వస్తుంటే వదినను మన చోడిపిండి పంపమను, ఇక్కడ దొరికే రాగిపిండికి ఆ రుచి లేదు. అంబలి తాగాలని ఉంది.

ఇంతకాలం దాచినందుకు క్షమించమని రాశావు. క్షమించడానికేముంది? అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నావు, నాకు అవసరమైనప్పుడు తప్పావు. రెండూ సరైనవే. వదినకూ, పిన్నికీ నా నమస్కారాలు. రేడియేషన్ సులువుగా గడిచిపోవాలని మీరంతా దీవించండి.

అమ్మ ఫోటోకు దండ మార్చేటప్పుడు ఒక్క మాట చెప్పు అన్నయ్యా. పార్వతికి తెలిసిపోయిందనీ, కోపం రాలేదనీ, పెళ్లి కూడా బాగానే కుదిరిందనీ.

నీ చెల్లెలు,
పార్వతి