పుణ్యవతక్క సాక్ష్యం

పుణ్యవతక్కా,

నువ్వు పుట్టింటి నుంచి వచ్చేసరికి నేను బరంపురం బస్సులో ఉంటాను. కొత్త మందులు మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించుకోమన్నారు. పప్పు ఉడికించాను, తాలింపు నువ్వు పెట్టు. నీ మరిదికి కొట్టుకి క్యారేజీ పంపించు.

నిన్న రిపోర్టు వచ్చింది. నాది క్షయ కాదట. దాని జాతిదే మరో క్రిమి, మట్టిలో, నీళ్ళలో ఉంటుందట. ఒకరి నుంచి ఒకరికి అంటదన్నారు. ఏడాదికి పైగా మందులు మింగాలి, కానీ తగ్గే జబ్బే.

ఇది నీ వల్లే తేలింది. క్షయ మందులకి దగ్గు లొంగకపోతే, నేనే మందులు మానేస్తున్నానని డాక్టరు గారు కోప్పడ్డారు. నీ మరిది కూడా తల దించుకున్నారు. నువ్వే అడ్డొచ్చావు. "ఏటి బాబూ, రోజూ నా ఎదరే మింగుతాది. నోరు తెరిపించి మరీ సూత్తాను. తప్పు దాన్ది కాదు, జబ్బేటో మళ్ళీ సూడండి" అన్నావు. అందుకే కఫాన్ని పెద్ద ల్యాబుకి పంపారు. రోజూ నోరు తెరవమంటుంటే పోలీసు తోటికోడలని నిన్ను తిట్టుకునేదాన్ని. ఆ పోలీసే నన్ను కాపాడింది.

భారతి

చిన్నమ్మి బడి నుంచి వచ్చాక జడ నువ్వు వెయ్యకు. అంటుకుంటుందని ఇన్నాళ్ళూ కన్నబిడ్డని నా దగ్గరికి రానివ్వలేదు కదా, సాయంత్రం నేనే వేస్తాను. రాత్రికి నా పక్కనే పడుకుంటుంది. అత్తయ్య గారు ఒప్పుకోకపోతే నువ్వే చెప్పు. నీ మాట డాక్టరే విన్నారు.