పడవ క్షేమం

ప్రియమైన ఆర్నాల్డ్‌కు,

ఇక్కడ పడవ క్షేమం, పొయ్యి క్షేమం, పొగగొట్టం కూడా క్షేమం. అక్కడ నువ్వూ, నీ కొత్త తుంటి కీలూ, నిన్ను భరిస్తున్న మీ అక్క వినిఫ్రెడ్డూ కుశలమని తలుస్తాను. ఫోన్‌లో నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే మళ్లీ ఉత్తరం.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. పడవను నడిపే పంకా ఇరుసుకు రోజూ గ్రీజు పెడుతున్నాను. అడుగున చేరిన నీళ్లు తోడుతున్నాను. గ్యాస్ బండ బంగాళాదుంపలు సగం ఉడికాక అయిపోయింది. అది ఎప్పుడైనా వేళ చూసి అయిపోయిందా? కొత్త బండను కాలువ గట్టు వెంట బురదలో ఈడ్చుకొచ్చాను. మరుగుదొడ్డి పెట్టె మోసుకెళ్లి పారబోసి వచ్చాను, దాని గురించి ఇంతకంటే రాయను. నీళ్లు పట్టే కుళాయి గడ్డకట్టి ఉంటే కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి పోసి, తొట్టి నిండేదాకా చలిలో నిలబడ్డాను. తెల్లారి లేస్తే ఏదో ఒకటి మోయాలి. ఇళ్లలో వాళ్లకు కుళాయి తిప్పితే వచ్చేది మనకు నడుము వంచితే గానీ రాదు.

బొగ్గు పడవ డెస్మండ్ వచ్చాడు.

"మీ ఆయన ఇంకా మంచం మీదే దర్జా వెలగబెడుతున్నాడా అమ్మా?" అన్నాడు.

"అక్క వండిపెడుతుంటే ఎందుకు లేస్తాడు?" అన్నాను.

"సరే, నువ్వెలా ఉన్నావ్?"

"ముందు ఆ బస్తాలు పైకప్పు మీద పెట్టు" అన్నాను. పెట్టాడు.

ఒకే చోట రెండు వారాలు మించి ఉండనివ్వరు కదా, మంగళవారం కదిలాను. స్టోన్ ఊరి దిగువ లాకు ఒక్కదాన్నే దిగాను. కత్తి జేబులో పెట్టుకుంటున్నావా అని అడిగావు. పెట్టుకుంటున్నాను. అసలు సంగతి ఇక దాచి లాభం లేదు.

లాకులో నీళ్లతోపాటు పడవా దిగాలి కాబట్టి తాడును గట్టు మీది గుంజకు ఒక్క చుట్టు చుట్టి చేత్తో వదులుతూ పట్టుకోవాలి గానీ ముడి వేయకూడదని వెయ్యిసార్లు చెప్పావు. ఆ రోజు వేళ్లు కొంకర్లు పోయాయి. అవతలి గట్టున నీళ్లు వదిలే రెండో తూము ఎత్తాలి. ముడి వేసి వెళ్లాను. తూము ఎత్తేసరికి కుక్కతో వచ్చిన ఒక పెద్దమనిషి అందరూ అడిగేదే అడిగాడు.

"చలికాలం పడవలో చలెయ్యదా అండీ?"

పొయ్యి ఉందనీ, రాత్రంతా నిప్పు ఉంటుందనీ, ఎప్పుడూ చెప్పేదే చెబుతున్నాను. ఆయన నా భుజం మీంచి చూశాడు.

"మీ పడవ ఒరుగుతున్నట్టుందే" అన్నాడు.

నీళ్లు దిగిపోయాయి, పడవ దిగలేదు. ఒక పక్క పైకి లేచి తాడుకు వేలాడుతోంది. తూములు దించేసి, లాకు తలుపు మీదుగా ఇవతలికి ఉరికాను. ముడి రాయిలా బిగిసింది. కత్తి తీసి తాడు మీద పెట్టాను.

పెట్టి, ఆగాను.

పోతే పోనీ అనుకున్నాను ఆర్నాల్డ్. మునిగితే రేపటి నుంచి బొగ్గు మోయక్కర్లేదు, ఆ పెట్టె మోయక్కర్లేదు. భయం వేయలేదు, హాయిగా అనిపించింది. "కొయ్యండమ్మా, చూస్తారేంటి" అని ఆయన అవతలి నుంచి కేకేశాడు. నా చెయ్యి కదల్లేదు. అంతలో లోపల గిన్నెలన్నీ జారిపడ్డ చప్పుడయింది. నేను తోమి సర్దిన గిన్నెలు. అప్పుడు కోశాను.

పడవ దబ్బున పడి, ఊగి, నిలబడింది. నీ టీ కప్పు పగిలింది, అంతే నష్టం. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆ పెద్దమనిషి ఇవతలికి వచ్చి, నా చేతిలోంచి తూములు ఎత్తే ఇనుప పిడి తీసుకుని మిగతా నీళ్లు వదిలి, తలుపులు తెరిచిపెట్టాడు. చలి సంగతి మళ్లీ అడగలేదు.

ఈ పడవను ముంచలేను, ఇంకో చలికాలం మోయలేను. తుంటి బాగయినా నువ్వు ఈ మెట్లు దిగలేవని నీకూ తెలుసు. అందుకే ఆ ఊసెత్తకుండా గ్రీజు గురించి రాస్తున్నావు. వసంతానికి పడవ అమ్మేసి, గట్టు మీద కుళాయి ఉన్న చిన్న ఇల్లు చూసుకుందాం. కాదంటే కాదని రాయి, కానీ గ్రీజు గురించి మాత్రం రాయకు.

ఇరుసు గురించి అడిగావు, పొగగొట్టం గురించి అడిగావు. డెస్మండ్ అడిగింది నువ్వు అడగలేదు. అతనికి చెప్పని జవాబు నీకు చెబుతున్నాను. ఉత్తరం మొదట్లో క్షేమమని రాసినవాటిలో నేను లేను, చూసుకో. నేను క్షేమంగా లేను.

ఇట్లు,
నీ భార్య
హెస్టర్