చెంప మీద జీడి మచ్చ

తమ్ముడూ,

ఇది నీకు చేరదని తెలుసు. కోపం ఆగక రాస్తున్నాను.

నువ్వు కొండల్లో యుద్ధంలో పోయిన ఆరేళ్లకి ఊళ్లోవాళ్లకి గుర్తొచ్చావు. నిన్న జంక్షన్లో నీ విగ్రహం పెట్టారు. ఎమ్మెల్యే ముసుగు లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఈడెవుడే? నా కొడుకు సెంప మీద మచ్చేదీ?" అంది.

చిన్నప్పుడు తోటలో జీడిపిక్కలు కాలుస్తుంటే నూనె చిట్లి పడిన మచ్చ అది. పిక్కల్ని కదిపింది నేనే. నువ్వు లెఫ్టినెంటువై సెలవుకొచ్చినా నిన్ను 'మచ్చోడా' అనే పిలిచాను.

విగ్రహం చేసినవాణ్ణి నిలదీశాను. "ఈరుడికి మచ్చేటమ్మా? అందంగుండాలని తీసీసినాం" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ శవం పెట్టె వచ్చినరోజు మిలటరీవాళ్లు మూత తియ్యొద్దన్నారు. ఆ మచ్చ ఒక్కసారి తడుముకుంటానని అమ్మ ఎంత ఏడ్చినా వినలేదు. ఇప్పుడు సిమెంటు చెంప మీద కూడా దాన్ని లేకుండా చేశారు!

అందరూ భోజనాలకి వెళ్లారు. అమ్మ ఒక్కతే విగ్రహం దగ్గర కూర్చుండిపోయింది. నేను ఇంటికెళ్లి పిక్కలు కాల్చి రేకు డబ్బాలో తెచ్చాను. దండలు వెయ్యడానికి పెట్టిన స్టూలెక్కి, నల్లగా నూనె కారుతున్న పిక్కని పట్టకారుతో నీ చెంపకి అదిమాను. విగ్రహం పెట్టించిన కమిటీవాళ్లు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు.

"తుడుసుకోండి. జీడి మచ్చ ఎలా పోతాదో నేనూ సూత్తాను" అన్నాను.

నేను దిగగానే అమ్మ స్టూలెక్కి నీ చెంప మీద చెయ్యి వేసింది.

"తియ్యమ్మా, సెయ్యి కాలతాది!" అని అరిచాను.

"ఆడికి కాల్లేదేటి?" అంది, చెయ్యి తియ్యకుండా.

అక్క