నిచ్చెన దిగాలనుకున్న మామయ్య

న్యూకాసిల్,
జూలై 9

ప్రియమైన కత్బర్ట్ మామయ్యకి,

నీ ఉత్తరం లేచి నిలబడి చదివాను. అంతటి చారిత్రక ప్రకటనను మంచం మీద పడుకుని చదవడం మర్యాద కాదు కదా! నలభై ఏళ్ళుగా ఆషింగ్టన్ ఇళ్ళ కప్పులన్నీ బాగుచేశావు, మోకాళ్ళు ఇక మొరాయిస్తున్నాయి, సెప్టెంబరులో మీ క్లబ్బులో ఎవడి లీక్ ఉల్లికాడ ఎక్కువ లావో తేల్చే పోటీ అవగానే నిచ్చెన అమ్మేస్తావు. ఇంతవరకూ మేనకోడలి చప్పట్లు అందుకో.

తర్వాతి పేరాకి మాత్రం కూలబడిపోయాను. పాత కంపెనీలో ఉన్న నీ పెన్షన్ సొమ్ము ఎనభై వేల పౌండ్లు కొత్త కంపెనీకి మారుస్తున్నావు. మార్చగానే సర్కారు పన్ను రాయితీ కింద ఇరవై వేలు కలిపి లక్ష చేస్తుందట. ఆ ఇరవై వేలతో నువ్వు కుర్చీ వేసుక్కూర్చుంటావు. పెన్షన్ సలహాదారు మహానుభావుడు ఇదంతా ఊరికే చేసిపెడుతున్నాడట, నీ జేబులోంచి పెన్నీ కూడా పోలేదు.

మామయ్యా, ఆయన ఎంత తీసుకుంటాడో అడిగావా? ఫోన్ చేద్దామంటే గోడకి అవతల పక్కింటి పెర్సీ చెవి ఆనించి ఉంటాడని నువ్వే భయపడతావు. కాబట్టి తిరుగు టపాలో రాయి. అప్పటిదాకా నిచ్చెన జోలికి ఎవర్నీ రానీకు.

ఎకనమిక్స్ రెండో ఏడు వెలగబెడుతున్న,
నీ తమ్సిన్


ఆషింగ్టన్,
జూలై 16

ప్రియమైన పిల్లా,

అడగలేదు. ఎలా అడుగుతానే? నీకు ఈ ఊరి పద్ధతి తెలియనట్టు మాట్లాడతావేం! తన లీక్ మొక్కలకి ఏం పోస్తున్నాడో ఒక మనిషిని మొహమ్మీద అడిగితే క్లబ్బులో మళ్ళీ మన పక్కన ఎవడైనా కూర్చుంటాడా? ఎవడి మందు వాడిది. ఆ సలహాదారు అబ్బాయి ఏదో కాగితం నా ముందు పెట్టి, "ఇందులో నా ఫీజు వివరాలున్నాయండీ, చూడండి" అన్నాడు. "ఛఛ, అలాంటివి నేను చూడను నాయనా, నీ దగ్గరే ఉంచుకో" అని మర్యాదగా వెనక్కి తోసేశాను. పాపం ఎంత సంబరపడ్డాడో! రెండు బిస్కెట్లు ఎక్కువే తిన్నాడు.

పైగా పరాయివాడు కాదు. పెర్సీ అల్లుడు లాంగ్‌స్టాఫ్. మామగారి లీకు పోయినేడు నాదానికన్నా బొటనవేలంత సన్నగా తేలిందని ఇప్పటికీ ఏడుస్తాడట.

ఇక రాయితీ సంగతి. నేను నెలనెలా ఎనభై కట్టినప్పుడల్లా నూరు జమయ్యేది. మరి ఎనభై వేలు కడితే లక్ష కాదా? చదువుకున్నదానివి, లెక్క నువ్వే చూడు. నిచ్చెనకి బేరం కుదిరింది కూడా.

నీ మామయ్య,
కత్బర్ట్


న్యూకాసిల్,
జూలై 20

ప్రియమైన అమాయక మామయ్యా,

బేరం ఆపు. ముందు ఆ పని చేసి, తర్వాత చదువు.

నువ్వు కట్టిన ఎనభైకి సర్కారు ఇరవై ఎందుకు కలిపింది? నీ మీద ప్రేమ పొంగి కాదు. ఆ సంపాదన మీద నువ్వు కట్టిన పన్నే అది, తిరిగి నీ పెన్షన్‌లో పడింది. అంటే ఆ ఎనభై వేల మీద రాయితీ ఎప్పుడో ముట్టింది. ఇప్పుడు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిస్తే, పోయినేడు బహుమతి కొట్టిన లీకునే కొత్త పెట్టెలో పెట్టి ఈ ఏడు మళ్ళీ పోటీకి తీసుకెళ్ళినట్టు. ఎవరిస్తారు? నీ బుర్ర ఎటు పరిగెడుతుందో నాకు తెలుసు. "సొమ్ము చేతికి తీసుకుని మళ్ళీ కడితే కొత్తదే కదా" అంటావు. వద్దు! అలా తీస్తే ముప్పాతిక వంతు ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, మళ్ళీ కట్టడానికి వేరే ఆంక్షలున్నాయి. నువ్వు ఇప్పుడు కప్పులెక్కి సంపాదించి, కొత్తగా కట్టేదానికే రాయితీ.

ఇక లాంగ్‌స్టాఫ్. జేబులోంచి పోకపోతే ఊరికే అయినట్టా? ఫీజు నీ పెన్షన్ సొమ్ములోంచే కోసుకుంటారు. వెళ్ళి అడుగు. సిగ్గుపడకు. ఒక ప్రశ్న అడిగి ఇంటికొచ్చెయ్యకు, రెండోది కూడా అడుగు. మొదట ఎంత, ఆ తర్వాత ఏటేటా ఎంత?

నా తీర్పు: మార్చకు. సొమ్ము ఉన్నచోటే ఉండనీ. కోర్టు ముగిసింది.

సర్వజ్ఞురాలు,
తమ్సిన్


న్యూకాసిల్,
ఆగస్టు 28

ప్రియమైన మౌనమునీంద్రా,

నెల దాటింది. సొమ్ము మార్చేశావా? నిచ్చెన అమ్మేశావా? నా మీద అలిగావా? మూడూ అయితే వరసగా రాయి. ఇక్కడ నాకు పరీక్షల కన్నా నీ మోకాళ్ళ బెంగే ఎక్కువైంది.

జోకులు మానేసిన,
తమ్సిన్


ఆషింగ్టన్,
సెప్టెంబర్ 17

ప్రియమైన సర్వజ్ఞురాలికి,

అలగలేదు. తీరిక లేక రాయలేదు. పోటీ ముందు ఆరు వారాలు నాకు చుట్టాలు లేరు, ఆ సంగతి నీకు తెలుసు.

జూలైలో నీ ఉత్తరం అందిన మర్నాడే లాంగ్‌స్టాఫ్‌ని అడిగాను. చెవులు ఎర్రబడిపోయాయే, నావి. "నాయనా, నువ్వెంత తీసుకుంటావు?" అన్నాను. "మూడు శాతమండీ, రెండు వేల నాలుగు వందలు" అన్నాడు. లేచి టోపీ పెట్టుకుని గుమ్మందాకా వచ్చాక నీ మాట గుర్తొచ్చింది. వెనక్కెళ్ళి, "ఏటేటా?" అన్నాను. "ఒక శాతం. ఎనిమిది వందలు." "మరి ఇందాక చెప్పలేదేం?" "మీరు అడగలేదు కదండీ. కాగితం ఇస్తే తోసేశారు."

"ఏటా ఏం చేస్తావు నాయనా?"

"ఒకసారి వచ్చి మీ పెన్షన్ ఎలా ఉందో చూస్తానండీ."

"చూడ్డానికా? నా లీకుల్ని చూడ్డానికి పోటీలో యాభై పెన్నీలే తీసుకుంటారు!" అన్నాను. ఆ ఏటేటాది కొట్టేయించాను. అబ్బాయే పెన్ను తీసి గీత పెట్టాడు. కొట్టేయొచ్చట, అదీ అడిగితేనే.

ఇప్పుడు నీ తీర్పు సంగతి చూద్దాం. రెండో ప్రశ్న పాత కంపెనీని అడగమని నువ్వు చెప్పలేదేం, ఎకనమిక్స్ మహారాణీ? నేను అడిగాను. వాళ్ళు ఏటా పద్నాలుగు వందలు గీకుతున్నారట, ఇన్నేళ్ళుగా! కొత్తవాళ్ళది మూడొందల ఇరవై. అంటే లాంగ్‌స్టాఫ్ ఫీజు రెండేళ్ళు దాటేసరికి తిరిగొచ్చేస్తుంది, ఆపైన అంతా నాదే. అందుకే మార్చేశాను. నీ కోర్టు మీద పైకోర్టు నేను.

ఇరవై వేలు మాత్రం రాలేదు, నువ్వన్నట్టే. కాబట్టి నిచ్చెన అమ్మలేదు. ఇంకో ఏడాది పని చేస్తాను, ఎనభై కట్టినప్పుడల్లా నూరవుతుంది. మోకాళ్ళతో రాజీ కుదిరింది. ఇకమీదట ఒంటి అంతస్తు ఇళ్ళే. వచ్చే సెప్టెంబరులో పోటీకొచ్చి నిచ్చెనని నువ్వే స్వయంగా వేలం వేయాలి.

ఇంకొక్క మాట. ఆ రోజు ఆ అబ్బాయి తన మందు, అదే ఫీజు గుట్టు, నాకు చెప్పాడు కదా, నాది చెప్పకపోతే మర్యాద కాదనిపించింది. నా లీకులకి ఏం పోస్తానో చెప్పేశాను, దాపరికం లేకుండా. పాత బ్రౌన్ ఏల్ బీరు, గొర్రె ఉన్ని నానబెట్టిన నీళ్ళు. నోట్లో బిస్కెట్ ఉండగానే మామగారింటికి పరుగెత్తాడు.

శనివారం పోటీ జరిగింది. మొదటి బహుమతి నాదే. పెర్సీ లీకు నాదానికన్నా లావుగా ఊరి, పోటీకి రెండు రోజుల ముందు, గురువారం, నిలువునా పగిలింది. పగిలినదాన్ని పోటీలో పెట్టనివ్వరు.

ఆదివారం లాంగ్‌స్టాఫ్ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బీరు ఆగస్టు మధ్యలో ఆపెయ్యకపోతే లీకు పగులుతుందటగా! మరి చెప్పలేదేమండీ?"

"నువ్వు అడగలేదు కదా నాయనా," అన్నాను. పాపం, కూర్చోబెట్టి టీ ఇచ్చాను. బిస్కెట్లు మాత్రం లెక్కపెట్టే పెట్టాను.

ఒంటి అంతస్తు ఇళ్ళకి మాత్రమే అందుబాటులో ఉన్న,
నీ మామయ్య కత్బర్ట్