డిపో పరీక్షకి ఇచ్చిన సీసా

తమ్ముడూ, తిరుగుతూనే ఉన్నాను, కంగారుపడకు. బస్సు డ్రైవరు సీటు మాత్రం దిగిపోయాను. షుగరు బయటపడితే స్టీరింగ్ లాగేసుకుంటారని, నువ్వు నా గదిలో ఉన్న మూడేళ్లూ డిపో పరీక్షకి నీ మూత్రమే పట్టుకెళ్లాను కదా. డాక్టరు "భేష్" అన్నప్పుడల్లా ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మొన్న కాళ్లు వాచాయి, నాదే ఇచ్చాను. కిడ్నీల్లో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, మూత్రంలో ప్రోటీన్ పోతోందట. "మొదటేడే తెలిసుంటే ఆపేవాళ్లం. అప్పుడు బాగానే ఉందే!" అని ఆయన పాత కాగితాలు తిరగేస్తుంటే తలెత్తలేకపోయాను.

అమ్మకి కళ్లజోడు మార్పించావా? మీ వదినకి నేనే చెప్తాను, నువ్వు నోరు జారకు. నువ్వూ పరీక్ష చేయించుకో. పిల్లలకి ముద్దులు, నీకు నా ఆశీస్సులు. కిడ్నీ ఇస్తానని మాత్రం రాయకురా. నీ దగ్గర తీసుకున్నది చాలు.

అన్నయ్య