నేను లేని కాలేజీలో నేను

మంగళవారం రాత్రి, ఇబ్రహీంపట్నం

పొద్దున మా ప్రిన్సిపల్ రేపటి తనిఖీ కోసమని నన్ను అసోసియేట్ ప్రొఫెసర్‌ని చేశారు. ఆ ఘనత లోకానికి తెలిసిందో లేదోనని మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని నెట్‌లో నా పేరు వెతికాను. తీరా చూస్తే నేను ఇంకో కాలేజీలో మెకానికల్ విభాగాధిపతిని! ఇంకా పూర్తికాని నా పీహెచ్‌డీ అక్కడ పూర్తయింది కూడా. నిరుడు ఇంటర్వ్యూకి వెళ్లి ఫొటో, జిరాక్సులు ఇచ్చిన చోటే అది. ఉద్యోగం ఇవ్వలేదు కానీ తనిఖీల్లో అధ్యాపకుల లెక్క చూపడానికి నన్ను కాగితాల మీద ఉంచుకున్నారు.

తోటి లెక్చరర్ శ్రీనన్నకు చూపిస్తే, "మస్తు ఎదిగినవ్ తమ్మీ!" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "రేపు మనకాడికి తనిఖీకొచ్చెటోళ్లు గిది జూస్తే? నువ్వే రెండు దిక్కుల జేరినవంటరు. ఉన్న నౌకరి గూడ బోతది," అన్నాడు.

పేరు తీయించాలని వెంటనే ఆ కాలేజీకి ఫోన్ చేసి, ముందు ఏమంటారో చూద్దామని నా పేరు చెప్పి ఆయనున్నారా అని అడిగాను.

"సార్ క్లాసుల ఉన్నరు," అన్నారు.